కరుణమ్మ నోటుబుక్కు, నా దేశం బండి

"తాతా, ఈ ఫోన్ల చూడు, ఏ కంపెనీ పికప్ ఎంత ఖరాబైతదో లెక్కలన్నీ ఇచ్చిన్రు. నువ్వేమో నీకు తెలిసిన బండే కొనుమంటవ్. నేనేది నమ్మాలె?"

ఏది బిడ్డా, అద్దాలు పెట్టుకోనీ… ఊహు, గీ చిన్న అక్షరాలు నాకు అవుపడయ్. నువ్వు చదివినవ్ గదా, మంచిదే. మొన్న నేను గట్టిగనే అన్న, గా బండే కొను, నేను ఏండ్లకేండ్లు నడిపిన అని. అన్నంక నాకే మనసున పట్టలే. మీ నాయినమ్మ ఉంటే నా మొకం దిక్కు ఒక్క చూపు చూసేది. కూసో, జర ఇటు జరుగు. చెప్త.

అప్పుడు నేను మిషన్ దవాఖానల డ్రైవర్ని, గీ వరంగల్లనే. పెండ్లి కాలే. నాకు ఇరవై ఐదేండ్లు… కాదు, మా అన్న డోర్నకల్ల రైల్వే పనిల చేరిన యేడు గదా, ఇరవై ఆరు. దవాఖానకు రెండు బండ్లుండె. రెండిటికీ ముంగట సీట్లు, ఎనుక తొట్టి, ఇప్పుడు నువ్వు కొంటనంటున్నయి గసుంటియే. ఒకటి పరదేశం నుంచి ఓడల వచ్చింది, దాన్ని సీమ బండి అనేటోళ్లం. ఇంకోటి మన దగ్గర చేసింది, దేశం బండి. నాది దేశం బండి. నాది అంటే, నేను నడిపేది. పొద్దుగాల లేచి మొకం కడుక్కోకముందే దాన్ని కడిగేటోన్ని, ఏమనుకున్నవ్!

మీ నాయినమ్మ కరుణ అప్పటికి నాకేం గాదు. స్టోరుల పని చేసేది. మందులు, దుప్పట్లు, అన్నీ ఆమె చేతి మీదికెల్లే. బండ్లకు ఒక నోటుబుక్కు పెట్టింది. ఏ బండి ఏ దినం తొవ్వల ఆగింది, ఏం ఖరాబైంది, రాసుడే. ఎవలు రాయుమన్నరు? ఎవ్వలనలే. ఆమె గుణమే అది. మా పెండ్లి మాట అనుకున్నంక గూడ, చాయ్ పది పైసలుండె అప్పుడు, ఒక్క చాయ్ ఇద్దరం తాగేది, అది గూడ యాది పెట్టుకునేది ఎవలెన్ని గుటకలు తాగిన్రని. సరే, అది అటెన్కటి ముచ్చట.

వానకాలం. ఒకనాడు పొద్దుగాల ఏటూరునాగారం అవుతల గూడెం నుంచి ఇద్దరు మనుషులొచ్చిన్రు. సమ్మక్క అని ఒక పిల్లకు నొప్పులు మొదలై రెండొద్దులైందట, కాన్పు అయితలేదట. డాక్టరమ్మ సంచి పట్టుకొని బయటికొచ్చి, "ఏ బండి తీద్దాం?" అన్నది.

"నా బండి" అన్న నేను.

కరుణ నోటుబుక్కు తెచ్చింది. "అమ్మా, ఈ యేడు దేశం బండి తొమ్మిదిసార్లు ఆగింది. సీమ బండి ఒక్కటేసారి."

నాకు ఒళ్లు మండింది బిడ్డా. "ఏమెరుక నీకు? బుక్కుల కూసొని రాసుడు కాదు. మొన్న ఎండకాలం ఫ్యాన్ బెల్టు తెగితే తాడు పేని కట్టి దవాఖానదాక తెచ్చిన. నా బండి నన్ను ఎన్నడు ఇడువలే" అన్న.

డాక్టరమ్మ నోటుబుక్కు మాటనే పట్టుకున్నది. ఇగ ఏం చేస్త, దాన్ని నడిపేటోడు ఆనాడు లేకుండె, సీమ బండి నేనే తీసిన. సాయానికని కరుణ గూడ ఎక్కింది.

పోయేటప్పుడు మంచిగనే పోయినం. సమ్మక్కను తొట్టిల పరుపేసి పండబెట్టిన్రు, పైన వాన పడకుంట తాడిపత్రి కట్టినం. దవాఖానకు తీస్కపోయి కడుపు కోయాలె, లేకుంటే తల్లి గూడ దక్కదన్నది డాక్టరమ్మ. మళ్లొచ్చేసరికి వాగు పెరిగింది. మస్తు ఏం లేదు, మోకాళ్లకు జర మీదికి. దించిన. నడుమకు వొయ్యి బండి ఠక్కున ఆగింది.

ఇంజన్ల ఒక డబ్బ ఉంటది చూడు, కరెంటు పంచేది. అది తడిసిందంటే ఇగ బండి లేవదు. నా బండికైతే వాగు రాకముందే దాని మీద రబ్బరు ముక్క చుట్టేటోన్ని. ఈ బండిల ఆ డబ్బ ఎక్కడున్నదో నాకెరుకలే. మొండితనం. ఒక్కనాడన్న బానెట్ లేపి చూసిన్నా? లే.

తోడొచ్చిన గూడెపోళ్లు దిగి దొబ్బిన్రు, ఒడ్డుకు తెచ్చినం. లోపట సమ్మక్క అరుస్తాంది. అరిస్తేనన్న మంచిగుండె, జరసేపటికి అరుసుడు బంద్ చేసింది. కరుణ తాడిపత్రిల నుంచి తొంగి చూసి, మెల్లగ అడిగింది, "దేవదానం, ఈ బండి ఇసుంటి తొవ్వ ఎన్నడన్న వచ్చిందా?"

"ఎక్కడ వచ్చింది? కాజీపేట స్టేషన్ల మందుల డబ్బలు తెచ్చుడు, డాంబరు సడక్ మీద. అడివి అంత నా బండే తిరుగుతది."

ఆమె మొకం తెల్లగైంది. తన కొంగుల పొడి దిక్కు చూసి చింపి ఇచ్చింది, తుడువుమని. బానెట్ కింద దేవులాడి ఆ డబ్బ పట్టుకున్న, తుడిచిన, ఊదిన, మళ్ల తుడిచిన. ఎంతసేపైందో ఏమో, నాకైతే ఒక దినమంత లెక్క. డాక్టరమ్మ లోపట పిల్ల చెంపల మీద కొడుతాంది, "సమ్మక్కా, కండ్లు తెరువు" అనుకుంట. నేను ప్రభువును ఏమడిగిన్నో గూడ యాది లే. బండి లేచింది. పొద్దు ఉండంగనే దవాఖానకు తెచ్చినం. ఆడిపిల్ల పుట్టింది. తల్లి వారం దినాలు మూలిగింది గాని బతికింది.

తెల్లారి నేను స్టోరుకు పోయిన. ఎందుకు పోయిన్నంటవ్? ఎక్కిరిద్దామని. సిగ్గు లేకుంట. "చూసినవా నీ నోటుబుక్కు!" అన్న. ఆమె కండ్లు ఉబ్బి ఉన్నయి, ఏడ్చినట్టున్నది. బుక్కు నా ముంగట పెట్టి, "తొవ్వ ఏ తీరుదో నేను రాయలే. నాదే తప్పు. రాసింది మాత్రం అబద్ధం కాదు, సదువుకో" అన్నది.

నాకు కూడబలుక్కొని చదువొస్తది. ఒక్కొక్కటి చదివిన. ఎండకాలందొకటున్నది. 'దేశం బండి ఆగింది. ఫ్యాన్ బెల్టు. తుంటి ఇరిగిన ముసలవ్వ పొద్దటిసంది మధ్యాహ్నందాక ఎండల.'

బిడ్డా… గా ముసలవ్వ నా బండిలనే ఉండె. నేను తాడు పేనింది ఎరుక, బండి లేచింది ఎరుక, నలుగురు నన్ను మెచ్చుకున్నది ఎరుక. ఆ అవ్వ తొట్టిల పండి "నీళ్లు, అయ్యా, నీళ్లు" అన్నది నేను మరిచిపోయిన. ఎట్ల మరిచిన్నో! ఏండ్లు గడువలే, మూడు నెలలే. తొమ్మిదింట్ల ఐదు నాకు యాదికే లెవ్వు, తెలుసా? బాగుచేసినయే యాదున్నయ్.

బుక్కు మూసి ఆమె ముంగట పెట్టిన. ఆమె ఒక గిలాసల నీళ్లు తెచ్చిచ్చింది. గంతే. ఎక్కిరియ్యలే.

అటెన్క ఆమె బుక్కుల ఇంకో వరుస గీసింది, ఏ తొవ్వ, ఎంత బరువు, ఎవలున్నరు అని. నేను బండి పెట్టంగనే పొయ్యి చెప్పేటోన్ని, ఆమె రాసేది. ఒక్కోనాడు చెప్పేది తక్కువుండేది, కూసునేది ఎక్కువుండేది, హహ. రెండేండ్లకు నేనే డాక్టరమ్మ ముంగట నిలబడి అన్న, "అమ్మా, నా బండి క్లచ్ అడివి తొవ్వను తట్టుకోదు, పేషెంట్లకు ఇంకో బండి తెప్పియ్యున్రి" అని. గా మాట నా నోట్లకెల్లి వచ్చుడంటే, కొడుకును ఇంట్లకెల్లి ఎల్లగొట్టినట్టు. కరుణ ఎనుక నిలబడి ఇన్నది. గా యేడే చర్చిల మా పెండ్లి.

ఇగ నీ ఫోను… చూడు, తప్పని అంటలే. గా లెక్కలు ఎవలు చెప్పిన్రు, వాళ్లు ఏ సడక్ మీద నడిపిన్రు, జర అడుగు. కూరగాయల మార్కెట్ల బండ్లు ఆపుతరు గదా, ఆ డ్రైవర్లను అడుగు. మంచి ముచ్చట్లే చెప్తరు, నా తీరు. ఖరాబైన నాడు ఏమైందని ఒకటికి రెండుసార్లు అడుగు. నా మాట గూడ ఊకెనే నమ్మకు. ముసలోన్ని, ఇష్టమైనయే యాదుంటయ్.

ఫికర్ చెయ్యకు, నీకు మంచిగనే అయితది. చల్లగుండు బిడ్డా. నీ బండి ఎక్కినోళ్లు నిమ్మలంగ ఇల్లు చేరాలె. ఆగిన నాడు ఆగిందని చెప్పే ధైర్యం దేవుడు నీకియ్యాలె… నాకు జర ఆలస్యంగ ఇచ్చిండు.