టీ దొరికిన ఇళ్ళు

ఇండోనేషియాలోని జావా దీవిలో, యోగ్యకర్తా నగరంలో విద్యార్థులకు గదులు అద్దెకిచ్చే ఒక ఇంటి గుమ్మంలో తల్లీ కూతుళ్ళ మాటలివి.

“అమ్మా, యోసియాస్‌కి గదులు ఖాళీ లేవన్నావా?”

“దూరపు పపువా దీవి నుంచి వచ్చిన ఆ అబ్బాయికా? మర్యాదగానే చెప్పానే. తీపి టీ కూడా ఇచ్చాను.”

“వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ టీ దొరికిందట. గదే దొరకలేదు.”

“ఆ పపువా వాళ్ళు తాగి గొడవ చేస్తారంటారు.”

“పోయినేడు తాగి మన కిటికీ పగలగొట్టినవాడు మన జావా వాడే కదా? కుర్రతనమని ఊరుకున్నావు.”

“ఇరుగుపొరుగు ఊరుకుంటారటే?”

“వాళ్ళతో నేను మాట్లాడతాను.”

“ఆగవే, ఎక్కడికి?”

“అతన్ని పిలుచుకురావడానికి. సామానుతో సందు చివరే కూర్చున్నాడు.”

“వస్తే నేనేమని చెప్పను?”

“గది ఖాళీగా ఉందని చెప్పు. అబద్ధం నవ్వుతూ చెప్పావుగా, నిజం నవ్వకుండా చెప్పినా ఫర్వాలేదు.”