కోటిలింగం కొట్లో చిన్న దానమ్మ

కోటిలింగానికి ఫోను మోగిందంటే చెమటలు పట్టేయంట. మనిషి మంచి పనోడు. కాలిపోయిన మోటార్లకి రాగి తీగ చుట్టే పని ఆయనది, దర్శి పోయే రోడ్డు పక్కన కొట్టు. ఆయన చుట్టిన మోటారు మళ్ళా ఆరేడేళ్ళు చూసుకోబన్లేదు. అయితే ఏందంటే, నత్తి. ఎదురుగా ఉన్నోళ్ళతో ఎట్టాగో నెట్టుకొచ్చేవోడు, చేత్తో చూపించీ, తలకాయ ఊపీ. ఫోన్లో చెయ్యి కనపడదు గదా! "మో... మో..." అనేలోపల అవతలోడు "హలో, హలో, ఇనపడట్లా" అని పెట్టేసేవోడు. ఇన్నాళ్ళూ ఫోన్లన్నీ ఆయన పెళ్ళాం దానమ్మ చూసుకునేది. ఆమెకి అంగన్‌వాడీలో ఆయా పని వచ్చింది. మంచిదే గదా, వద్దని ఎట్టా అంటాడు? ఆమె పొద్దున పోతే సాయంత్రానికి గానీ రాదు. ఈలోపల ఫోను మోగుద్ది, మోగుద్ది, ఆగిపోద్ది. ఆ మోటారు ఇంకో కొట్టుకి పోద్ది. అట్టా ఒక ఏడాది జరిగేసరికి, ఇంక కొట్టు మూసేసి ఒంగోల్లో ఎవురి కిందన్నా పనికి చేరదామన్న కాడికొచ్చాడనుకో.

వాళ్ళ పక్కిల్లు దర్జీ మస్తాను గారిది. ఆయన కూతురు రమీజా కంప్యూటరు చదువు చదివి, ఇంట్లోనే కూర్చుని ఎక్కడెక్కడో వాళ్ళకి పని చేసి పెడతా ఉంటది. ఆ పిల్ల ఈ సంగతి ఇని వచ్చి, "బాబాయ్, ఫోనెత్తి మనిషి మాదిరి మాట్లాడే మిషన్ని తయారు చేసిస్తా, కొట్టు ముయ్యబాక" అందంట. ఈయన నవ్వాడు. "మి... మిషను చెప్తే రైతులు ఇ... ఇంటారా అమ్మాయ్?" అన్నాడు. "ఇంటారో లేదో చూద్దాం, పోయేదేముంది" అని, దానమ్మ చేత నాలుగు గంటలు మాట్లాడించి, ఆ గొంతు తీసుకుని మిషనుకి పెట్టింది. గొంతు అచ్చం దానమ్మే. మాటలు మాత్రం ఎవురివో! రైతు ఫోన్ చేస్తే "గౌరవనీయులైన వినియోగదారులకు నమస్కారం, దయచేసి మీ సమస్యను వివరించగలరు" అంటదంట. నవ్వుతున్నారా? ఆ రైతులూ అంతే. సగం మంది "మాకు బ్యాంకు లోనొద్దు తల్లీ" అని పెట్టేశారు. ఒకాయనైతే ఏకంగా అంగన్‌వాడీకే పోయి, "ఏమ్మా దానమ్మా, ఒంట్లో బాగుందా, అట్టా మాట్లాడుతున్నావేంది" అని అడిగొచ్చాడు.

రమీజాకి సిగ్గేసింది. సిగ్గేస్తే ఇంట్లో కూర్చోలా, నోటుపుస్తకం పట్టుకుని వచ్చి పది రోజులు కొట్లో స్టూలేసుకుని కూర్చుంది. వచ్చిన ప్రతి రైతూ ఏమంటన్నాడో రాసుకోవడమే పని. మోటారు పాడైందని ఎవురన్నా అంటారా మనలో? "మూలుగుతందయ్యా" అంటాడు ఒకడు. "గుర్రుమని ఆగిపోతంది" అంటాడు ఇంకొకడు. "తిరుగుతంది గానీ నీళ్ళెత్తట్లా." "సెగలొచ్చినయి." "నిన్న వాన పడ్డప్పుడు టప్పుమంది." ఒక్కోదానికి ఏం రోగమో కోటిలింగం నిదానంగా చెప్తే, అదీ పక్కన రాసుకుంది. అదంతా మిషనుకి నేర్పింది. ఈసారి ఫోన్ చేస్తే ఏమందో తెలుసా? "ఆఁ, చెప్పండి, మోటారు మూలుగుతందా, అసలు తిరగట్లేదా?" అంది. అంతే! రైతులకి ప్రాణం లేచొచ్చింది. మిషనని తెలిసినా, దానికి చిన్న దానమ్మ అని పేరు పెట్టేసుకున్నారు. నెల తిరిగేసరికి కొట్టు ముందర మోటార్లు వరస కట్టినయి.

తర్వాత ఏమైందంటే, కార్తీకంలో వానలు మొహం చాటేసినయి. మిరప పూత మీదుంది. అందరూ బోర్ల మీద పడ్డారు. అంతమంది ఒకేసారి మోటార్లేస్తే కరెంటు తట్టుకుంటదా? తగ్గుద్ది, పెరుగుద్ది, తగ్గుద్ది, పెరుగుద్ది. ఒక్క రోజులో మూడూళ్ళల్లో పద్నాలుగు మోటార్లు కాలినయి. పద్నాలుగు మందీ చిన్న దానమ్మకే ఫోన్ చేశారు. మోటారుకి రెండు రోజులు పడుద్దని రమీజా నేర్పింది గదా, అది పద్నాలుగు మందికీ ఒకటే మాట చెప్పింది. "తెచ్చి పెట్టండి, ఎల్లుండి పొద్దుటికి తీసుకుపోదురు గానీ." కోటిలింగానికి రెండే చేతులున్నాయని దానికేం తెలుసు పాపం!

ఎల్లుండి పొద్దున పద్నాలుగు మందీ ట్రాక్టర్లేసుకుని దిగారు. చూస్తే మూడు మోటార్లే అయినయి. ఇంక చూడండి గోల! ఆ గోలంతా ఇని రమీజా పరిగెత్తుకొచ్చి, "తప్పు నాదయ్యా, మిషనుకి నేను సరిగ్గా నేర్పలా" అని ఏడుపు మొకం పెట్టింది. ఎవురికి ఇనపడుద్ది? "మాటిచ్చి మోసం చేస్తారా, నా చేను ఎండితే ఎవురు దిక్కు" అని ఒకాయన బల్ల గుద్దాడు. అప్పుడు కోటిలింగం లేచాడు. చేతులకి వార్నిషు మరకలు, కళ్ళు ఎర్రగా. నోరు తెరిచి "నా... నా..." అన్నాడు, రాలా. ఆ బల్ల గుద్దినాయన "నా వల్ల కాదంటావా?" అని మాట అందుకోబోయాడు. అందరికంటే ముందొచ్చి నిలబడ్డ గురవమ్మ అనే ముసలామె ఉంది, మూడెకరాల మిరప ఆమెది, ఆమె ఒక్క గదమాయింపు గదమాయించింది. "నువ్వుండవయ్యా, ఆయన్ని చెప్పనీ. మిషను గబగబా చెప్పిందాన్ని నమ్మొచ్చాం, మనిషి నిదానంగా చెప్పేది ఇనలేమా?" అంది.

కోటిలింగం చెప్పాడు. ఎంతసేపు పట్టిందో పట్టింది. "నా... నావి రెండు చేతులు. రె... రెండు రోజులకి మూడు చేస్తా. తొందరపడి చుడితే మ... మళ్ళా కాలుద్ది. ఎవురిది ముందో మీ... మీరే చెప్పండి." అంతే ఆయన అన్నది. అయిన మూడింట్లో గురవమ్మదొకటి. ఆమె దాన్ని తీసుకుని పోవచ్చు, ఎవురూ అనరు. ఆమె ఏం చేసిందంటే, పోకుండా అక్కడే మెట్టు మీద కూర్చుని ఒక్కొక్కళ్ళనీ అడగటం మొదలుపెట్టింది. నీదేం పైరు, ఎన్నాళ్ళు ఓర్చుద్ది? కాలనీకి తాగే నీళ్ళ మోటారొకటుంది, అది ముందన్నారు. పూత మీదున్న మిరప తర్వాత. కందికి వారం పోయినా ఏం కాదు. ఆ బల్ల గుద్దినాయన పైరేందని అడిగితే నసిగాడు. "కందే" అన్నాడు చివరికి. పైగా కాలవ నీళ్ళు కూడా ఉన్నాయంట! అందరూ ఒకటే నవ్వు, ఆయన కూడా నవ్వాడు. నవ్వి ఊరుకోకుండా, తన డీజిలింజను నాలుగు రోజులు పక్క మిరప చేలకి తిప్పుతానన్నాడు. నలుగురు మనుషులు కొట్లోనే ఉండిపోయి కాలిన తీగంతా కోసి లాగి పెట్టారు. చుట్టటం ఒక్కటే కోటిలింగం పని. ఏడో రోజుకి పద్నాలుగు మోటార్లూ తిరిగినయి. పూత కొంత రాలింది, రాలలేదని నేను చెప్పను. చేలు మాత్రం నిలబడినయి.

ఆ తర్వాత రమీజా దానికి రెండు నేర్పింది. కొట్లో ఎన్ని మోటార్లున్నాయో లెక్క చూసుకుని మాటివ్వటం ఒకటి, తెలవకపోతే "నాకు తెలవదు, కోటిలింగాన్ని అడిగి చెప్తా" అనటం ఇంకొకటి. అడగాలంటే ఆయనతో మాట్లాడాలి గదా. ఈయన "మూ..." అనేలోపల మిషను "సరిగ్గా ఇనపడలేదు, మళ్ళా చెప్పండి" అనేది. రెండు మూడు సార్లు అట్టా అయ్యేసరికి ఈయన ఫోను బల్ల మీద పెట్టేసి పక్కకి పోయాడంట. రమీజా చూసింది. ఇంటికి పోయి, ఆ రాత్రికి రాత్రే, మనిషి ఆగినా తొందరపడకుండా కాసుకోని ఉండేటట్టు మార్చింది. మర్నాడు ఆయన "మూ... మూ... మూడు మోటార్లు" అనేదాకా అది కిక్కురుమన్లా. అయ్యాక "సరే, మూడు" అంది. ఈయన రమీజా వైపు చూసి, ఆ పిల్ల నెత్తిన చెయ్యేసి లోపలికి పోయాడంట.

రోజూ అట్టా మాట్లాడంగా మాట్లాడంగా బెరుకు పోయింది. నత్తి పోలా, బెరుకు పోయింది. ఒకనాడు నెట్టు రాక మిషను ఆగిపోతే, ఫోను మోగింది. దానమ్మ లేదు, రమీజా లేదు. ఈయనే ఎత్తాడు. "హ... హలో" అన్నాడు. అవతల రైతుకి అనుమానమొచ్చింది. "ఎవురూ? మిషనా, మనిషా?" అంటే, "మ... మ... మనిషినే, చెప్పు" అన్నాడంట దర్జాగా.

ఇదీ సంగతి. అంత మాట్లాడుద్దా అని నాకూ అనుమానమే ఉండేది. మొన్న నేనూ చేశా. నాకు మోటారు లేదు, ఊరికే. నా పెళ్ళినాటి నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పుకొచ్చా. అంతా ఇనింది, ఒక్కసారి కూడా అడ్డం రాలా. చివరాఖరికి "అయితే పెద్దాయనా, మోటారు లేనట్టేగా?" అంది. లేదన్నా. "మరి వెనకాల లైన్లో ముగ్గురున్నారు" అంది. పెట్టేశా. ఇదుగో, అందుకే మీకు చెప్తన్నా.