మూడు బోర్డుల కింద ఒక కుడిచేయి

1990వ సంవత్సరం జూన్ నాలుగో తేదీ, సోమవారం ఉదయం, మన సర్వీసు సెంటరు గేటు ఇంకా పూర్తిగా తెరవకముందే, సొంత పానాల సంచి భుజాన వేసుకుని ఒక యువకుడు లోపలికి అడుగుపెట్టారు. మనమందరం మేస్త్రీ గారని గౌరవంగా పిలుచుకుంటూ ఈ నెలాఖరున సాగనంపుతున్నది వారినే. అదే ఏడాది విడిభాగాల కౌంటరులో చేరినవాణ్ణి కనుక ఈ సన్మాన సంచికకు వారి గురించి నాలుగు మాటలు రాయమని అభినందన సంఘం నన్ను కోరింది. "కాలానుగుణంగా మూడు కంపెనీల కార్లకు సునాయాసంగా మారిన నిపుణులు" అన్న వాక్యం తప్పనిసరిగా ఉండాలని కూడా సూచించింది. ఉంచాను. ఇక దానికి నా పూచీ లేదు.

పదవీ విరమణకు ఆరు నెలల ముందు మేస్త్రీ గారు మేనేజరు గారిని ఒకే ఒక్క కోరిక కోరారు. "వెళ్ళేలోపు ఒక్క బండి నా చేత్తో విప్పి బిగించనివ్వండి సార్. ఏ కంపెనీదైనా పర్లేదు." అందుకు మేనేజరు గారు, "చూద్దాం, తప్పకుండా చూద్దాం" అన్నారు. దాదాపు ముప్పై ఏళ్ళు కార్లు బాగుచేసిన మనిషి ఒక్క కారు ముట్టుకోవడానికి అనుమతి ఎందుకు అడగవలసి వచ్చిందో, ఈ సంచిక చదివే వారి కుటుంబసభ్యులకు కూడా తెలియాలి.

మొదటి కంపెనీ బోర్డు కింద వారు పద్ధెనిమిదేళ్ళు పనిచేశారు. ఇంజనాయిలు మార్చేటప్పుడు కారు కిందికి వెళ్ళి తలెత్తి చూడడం వారికి అలవాటు లేదు. పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూనే కుడిచెయ్యి పైకి చాచేవారు, ఆయిలు దించే నట్టు వేళ్ళకు అందేది. ఆ కంపెనీ వారు స్వయంగా వచ్చి వారిని మాస్టర్ టెక్నీషియన్‌గా గుర్తించి, చొక్కాకు బిళ్ళ తగిలించి, కార్లను పైకెత్తే లిఫ్టుల్లో మొదటిది వారికి అప్పగించారు. "మేస్త్రీ గారు సెలవులో ఉన్నారు" అంటే కారు వెనక్కి తీసుకుపోయి, వారు వచ్చాకే మళ్ళీ తెచ్చిన కస్టమర్లు నాకు తెలుసు.

2008లో ఆ కంపెనీ వ్యాపారం చాలించుకుంది. ఒక శనివారం క్రేను వచ్చి బోర్డు దించింది, సోమవారానికి మరొకటి ఎక్కింది. కొత్త కంపెనీ వారి లెక్కలో పాత కంపెనీ అనుభవం అనుభవమే కాదు. బిళ్ళ తీయించారు, లిఫ్టు మార్చారు, తన మేనల్లుళ్ళ వయసు వాళ్ళతో కలిపి బెంచీ మీద కూర్చోబెట్టి ఓనమాల నుంచి పరీక్ష రాయించారు. ఆయన నోరెత్తలేదు. ఆ మౌనాన్నే మన సంస్థ నాటి నుంచీ "సునాయాసం" అని పిలుస్తోంది.

ఆ మొదటి నెలలోనే ఆ పొరపాటు జరిగింది. పాత కార్లలో ఇంజనాయిలు దించే నట్టు ఎక్కడ ఉండేదో, కొత్త కార్లలో సరిగ్గా అక్కడ గేర్‌బాక్సు నట్టు ఉంటుంది. కబుర్లలో ఉండగా చెయ్యి పైకి లేచింది, నట్టు దొరికింది, ఆయిలు దిగింది. దిగింది గేర్‌బాక్సుది. ఇంజనులో పాత ఆయిలు మీదే కొత్తది పోశారు. ఆ కారు ఊరు దాటకముందే గేర్‌బాక్సు మాడిపోయి, మర్నాడు తాడు కట్టించుకుని తిరిగి వచ్చింది. "ఇది ఎవరి పని?" అని అడిగేలోపే మేస్త్రీ గారు ముందుకు వచ్చి, "నాదే సార్. కాదు, నా చేతిది. రెండూ ఒకటే అనుకోండి" అన్నారు. ఆ మాడిన గేర్‌బాక్సును శిక్షణ గదిలో బల్ల మీద పెట్టించారు. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ పదకొండేళ్ళ పాటు దాన్ని చూపించి, చేసిందెవరో కూడా చెప్పారు. అంతకుముందు పద్ధెనిమిదేళ్ళలో ఆయన చేతి మీదుగా క్షేమంగా వెళ్ళిన కార్లను చూపించడానికి ఏ గదిలోనూ బల్ల దొరకలేదు.

ఆనాటి నుంచి వారికొక కొత్త అలవాటు వచ్చింది. ఏ కారు కిందికి వెళ్ళబోయినా ముందు బానెట్ మీద కుడిచెయ్యి వేసి, చదువు రాని పిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా, "ఒరేయ్, ఇది ఆ బండి కాదురా" అని ఆ చేతికి చెప్పేవారు. మేమంతా నవ్వుకునేవాళ్ళం. ఒకసారి వాళ్ళింటికి భోజనానికి వెళితే వదినగారు, "ఇదేం చోద్యం అన్నయ్యగారూ! కొత్త గ్యాసు పొయ్యి కొంటే దాని ముందు కూడా నిలబడి చేతికి పాఠం చెబుతున్నారు. నాతో రోజుకి అన్ని మాటలు మాట్లాడితే ఎంత బావుణ్ణు!" అని వాపోయారు. మేస్త్రీ గారు అన్నం కలుపుతూ, "నువ్వు ఒకసారి చెబితే వింటావు కదే, వీడు వినడు" అన్నారు. అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం, వారు తప్ప.

చెయ్యి చివరకు విన్నది. ఎనిమిదేళ్ళు పట్టింది. బిళ్ళ మళ్ళీ చొక్కా మీదికి వచ్చింది. ఆ బిళ్ళ మెరుపు తగ్గకముందే మూడో బోర్డు ఎక్కింది. ఇప్పుడు వస్తున్నవన్నీ కరెంటు కార్లు, ఇంజనూ లేదు, ఆయిలూ లేదు. నలభై దాటిన వారికి శిక్షణ దండగ అని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మేస్త్రీ గారికి గేటు పక్కన కుర్చీ వేసి, వచ్చే కార్లకు టోకెన్లు ఇమ్మన్నారు. అయిదేళ్ళు అక్కడే కూర్చోబెట్టారు.

ఇక గత నెల సంగతి. మొదటి కంపెనీ కారొకటి దగ్గుకుంటూ వచ్చి గేటు దగ్గర ఆగింది. బోర్డు చూడకుండా భవనాన్ని గుర్తుపట్టి వచ్చిన ఒక పెద్దావిడ కారు దిగి, "అమ్మయ్య, మీరింకా ఉన్నారా! బతికిపోయాను" అన్నారు. మేస్త్రీ గారు కుర్చీలోంచి లేచారు. బానెట్ మీద కుడిచెయ్యి వేశారు. నా కౌంటరు కిటికీకి ఆ చోటు దగ్గరే కనుక ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది.

"ఒరేయ్, ఇదేరా."

బానెట్ ఎత్తారు. అంతలో వెనక నుంచి మేనేజరు గారి గొంతు వినవచ్చింది. "మేస్త్రీ గారూ, వేరే కంపెనీ బండి మనం ముట్టుకోకూడదు. అగ్రిమెంటు ఉంది, తెలుసుగా."

"చూద్దామన్నారు కదా సార్."

"నేనన్నది ఇలాంటిది కాదు."

మేస్త్రీ గారు బానెట్‌ను రెండు చేతులతో దించి, పెద్దావిడకు వెనక వీధిలోని షెడ్డుకు దారి చెప్పి పంపారు. తరువాత కుళాయి దగ్గరికి వెళ్ళి, మరక ఒక్కటైనా లేని చేతులు సబ్బుతో కడుక్కున్నారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. "ఏంటి మేస్త్రీ గారూ?" అంటే, "ఏం లేదయ్యా. ఎందుకు పిలిచావని చెయ్యి అడుగుతోంది" అన్నారు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ కోరిక తీరకుండానే వారు వెళ్తున్నారు.

సన్మానసభలో వేదిక మీద వారితో కరచాలనం చేయబోయే పెద్దలకు ఒక మనవి. టోకెన్లు ఇవ్వడం కాక మరొక పని ఆ చేతికి ఈ సంస్థ అప్పగించడం అయిదేళ్ళలో అదే మొదటిసారి. కాస్త గట్టిగా పట్టుకోండి.

మేస్త్రీ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, వదినగారితో తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటూ నిండు నూరేళ్ళు జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. వారి ఇంటి ముందు అప్పుడప్పుడు ఏదో ఒక పాత కారు దగ్గుకుంటూ వచ్చి ఆగాలని, వారు దాని మీద చెయ్యి వేసి "ఇదేరా" అన్నప్పుడు వెనక నుంచి ఎవరూ పిలవకూడదని కోరుకుంటున్నాను.