బీరువల పెట్టిన వైఫై

కొమురవ్వ అని ఒకామె ఉండె. పుట్టుచెవుడు, నోట మాట లేదు. ఆమె కంటె ముందుగాల పుట్టిన అక్క ఐలవ్వ, ఆమె గూడ అంతే. ఒక్క కడుపుల ఇద్దరాడివిల్లలు, ఇద్దరికీ ఇనపడది, ఇద్దరికీ మాట రాదు. ఊరోళ్లంత అయ్యో పాపం అన్నరంట గని, వాళ్లనేమన్న ఏడ్వనిచ్చిందా ఆ చెవుడు? ఇద్దరు కలిసి చేతులతోని ఒక మాట పుట్టిచ్చుకున్నరు. బడి నేర్పింది గాదు, పుస్తకంల ఉన్నది గాదు. ఇప్పుడు కూరల ఉప్పెక్కువైందనుకో, దానికొక సైగ. పక్కింటామె నస్యం పీలుస్తదనుకో, ఆమెకొక సైగ. సర్పంచు భూంరెడ్డి ఉన్నడు గదా, ఆయన పొట్టకొక సైగ. మనిషి ఎదురుంగ నిలబడి ఉండంగనే వాని గురించి అక్కాచెల్లెండ్లు చేతులతోని ఏమేమో అనుకొని పడిపడి నవ్వేటోళ్లు, వాడు గూడ ఏందో ఏమో అని ఎంబడి నవ్వేటోడంట. నేను గూడ నవ్విన ఒకసారి. ఏమన్నరో ఇప్పటికీ తెల్వది.

ఇగ ఏమైందంటే, ఐలవ్వకు పెండ్లయింది. మొగడు సాంచల పని మీద బొంబాయి పక్కన భీవండిల ఉంటడు. సాంచలంటే మీకెరికే, కరెంటు మగ్గాలు. ఆమెను గూడ ఆడికే తీస్కపోయిండు. ఆ షెడ్డుల వందల సాంచలు ఒక్కసారి నడుస్తుంటే పక్కోడు చెవుల నోరువెట్టి అరిచినా ఇనపడదంట. అందుకని ఆడ పనిచేసేటోళ్లందరు సైగలతోనే మాట్లాడుకుంటరు. చూసిన్రా, ఇక్కడ ఇద్దరే మూగోళ్లు, ఆడ షెడ్డు షెడ్డే మూగది! ఐలవ్వకు ఆడ మంచిగనే గడిచింది. నూలు కాండెలు చుట్టుకుంట అందరితోని మాట్లాడేది. కొమురవ్వనేమో ఈ ఊర్లనే ఓదెలుకిచ్చి చేసిన్రు. ఓదెలు మంచోడు, వయసుల ఉన్నప్పుడు ఆయన గూడ భీవండిల కొన్నేండ్లు సాంచలు నడిపి, దగ్గు పట్టుకుంటే ఇంటికొచ్చినోడే. గని పెండ్లాం చేతుల మాట నేర్వలే. తిను, రా, పో, పండు, గీ నాలుగు ముక్కలతోనే సంసారం ఎల్లదీసిండు. నవ్వుతరెందుకు? నోరున్నోళ్లు, మీరు మీ ఇండ్లల్ల అంతకంటె ఎక్కువ మాట్లాడుతున్నరా?

అక్క భీవండి పోయిన కాడికెల్లి కొమురవ్వ చేతులు ఊకున్నయి. బట్టలుతుకుతది, బీడీలు చుడుతది, చేతులకు పనైతే ఉన్నది గని మాట లేదు. ఒక్కోసారి బాయి కాడ ఒక్కతే నిలబడి చేతులు తిప్పుకుంట ఏదో చెప్తుండేదంట. ఎదురుంగ ఎవ్వలుండరు. అక్క ఉన్నదనుకొనే చెప్పేది. చూసినోళ్లు పిచ్చి లేసిందన్నరు. పిచ్చి గాదు, మనాది, అక్క మీది బెంగ.

గట్లుండంగ వాళ్లను కన్న అవ్వకు పానం బాగలేకుండయింది. కొమురవ్వ దగ్గరుండి చేసింది. ముసలామె మంచం పట్టి కొద్ది రోజులకే పోయింది. భీవండికి ఫోన్ పోయింది, గని ఐలవ్వ అప్పుడే పెద్దాపరేషన్ కానుపై పచ్చి బాలెంత, ఎట్లొస్తది? రాలే. మొగడు ఫోన్ల ఇన్నడు, పెండ్లానికి సైగ చేసి చెప్పిండు, మీ అవ్వ పోయింది అని. గంతే. ఎట్ల పోయింది, ఏం తిన్నది, ఎవల్ని అడిగింది, ఏ చీర కట్టి సాగనంపిన్రు, ఇవన్ని ఫోన్ల ఎవలు చెప్తరు, ఎవలింటరు? ఇన్నా ఆయనకు ఆ సైగలెక్కడియి? తెలిసింది ఒక్క కొమురవ్వకే. కన్నతల్లి సావు మొత్తం ఆమె రెండు చేతులల్ల ఉండిపోయింది. అక్కకు చెప్పేదాక అది దిగదు. అన్నం ముందట కూసుంటే అదే, పడుకుంటే అదే. ఒక్కసారి అక్కకు చెప్పాలె, అవ్వ గిట్ల పోయింది అక్కా అని. ఆమెకు కావల్సింది అదొక్కటే.

ఇప్పుడు మీరనొచ్చు, ఫోన్ల బొమ్మ కనబడుతది గదా అని. కనబడుతది, గని మా ఊరు గుట్టల నడుమ గుంతల ఉంటది. ఫోన్ల మాట వచ్చుడే గగనం, బొమ్మ యాడికెల్లి వస్తది? గసొంటి ఊరికి ఒక కంపెనీ వైఫై ఇస్తదని తెలిసింది. తెలిసిన్నాడు పంచాయితి కాడ పెద్ద లొల్లి. వైఫై డబ్బ మా వాడల పెట్టాలంటే మా వాడల పెట్టాలని. సర్పంచు భూంరెడ్డి ఏమన్నడు, మా ఇల్లు పెద్దది, మిద్దె ఉన్నది, మా ఇంట్ల పెడితే ఏమైతది అన్నడు. పెట్టెటందుకు వచ్చినాయన తిర్మలని, నడీడు మనిషి, నిచ్చెన బుజం మీదేసుకొని వచ్చిండు. ఆయన నవ్విండంట. సర్పంచ్ సాబ్, ఇది దండోరా ఏసెటోని లెక్క, నడుమ నిలబడాలె, ఎత్తుమీద నిలబడాలె. మీ ఇల్లు ఊరి చివర ఉన్నది, ఆడ పెడితే మీ ఎడ్లు చూస్తయి పాటలు. ఒక గోడ అడ్డమొస్తే సగం పోతది, రెండు గోడలొస్తే ఆ సగం గూడ పోతది, అన్నడు. ఆఖరికి పంచాయితి ఆఫీసుల, గోడకు పైన, కిటికి పక్కకు డ్రిల్లు పెట్టి స్క్రూలు బిగిచ్చి తెల్లడబ్బను కూసోవెట్టిండు. మేడ మీదికి ముందే తెచ్చిన కంపెనీ వైరును ఎనుకకెల్లి లోపటికి గుంజి కలిపిండు. డబ్బ మీద పచ్చలైట్లు మినుకుమినుకుమన్నయి. కారోబారు రాజేశం, అదే పంచాయితి కాయిదాలు చూసెటాయన, డబ్బకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ గొట్టిండు.

తిర్మలు అందరి ఫోన్లు తీస్కొని ఒక్కొక్కటి కలిపిచ్చిండు. ఓదెలుది గూడ కలిపిండు. కొమురవ్వ మొగని చేతిలకెల్లి ఫోన్ గుంజుకొని అక్క ఫోటో మీద వేలు పెట్టింది. మోగుతది, మోగుతది, ఎవ్వలెత్తరు. ఎందుకనంటే ఆ ఫోన్ బావది, బావ పగటిపూట షెడ్డుల ఉన్నడు. ఏం గాదు, పొద్దుమీకి చేద్దాం అన్నట్టు ఓదెలు పొద్దు దిక్కు వేలు చూపెట్టి కిందికి దింపిండు. ఆమె తలూపింది. తలూపుకుంట నవ్విందంట గూడ. చానా రోజులకు నవ్వుడు.

పొద్దుమీకి చూస్తే ఏముంది? ఫోన్ల గీతలు లేవు. ఒక్క ఓదెలుకే గాదు, ఊరందరికీ లేవు. ఏమైందంటే, మా ఊరికొక పద్ధతున్నది. నలుగురి సొమ్మేదైనా, పెండ్లి వంటల బగోనలు, జంపఖానలు, మైకు సెట్టు, అన్నీ పంచాయితిల ఇనుప బీరువల పెట్టి తాళమేస్తరు. ఒకసారి మైకు సెట్టు ఎవడో ఎత్తుకపోయిండు, అప్పటికెల్లి అట్లనే. ఇగ రాజేశం ఏంజేసిండు, తిర్మలు ఊరు దాటంగనే స్క్రూలు ఇప్పిండు. ఇంత కిమ్మతు సొమ్ము గోడకేలాడుతదా అని దాన్ని బీరువల బగోనలల్ల పైలంగ కూసోవెట్టి, ఎనుక బొక్కలకెల్లి వైర్లు దూపిచ్చి తాళమేసిండు. లైట్లు వెలుగుతున్నయా లేదా అని సందులకెల్లి చూసుకున్నడు, వెలుగుతున్నయి. ఇగ ఆయనకేం ఫికరు? దండోరా ఏసెటోని మూతికి బట్ట గట్టి బాయిల దింపిండు, లైటు వెలుగుతుందని చూసి మురిసిండు!

ఊరోళ్లు కంపెనీని తిట్టిన్రు, తిర్మలును తిట్టిన్రు. ఫోన్ చేస్తే ఆయనేమంటడు, లైట్లు వెలుగుతున్నయా అంటడు. రాజేశం వెలుగుతున్నయి అంటడు. మరి నా తప్పేంది, మీ ఫోన్లే మంచియి గావు అంటడు. ఆయన దిక్కు ఆయనది నిజమే, ఈయన దిక్కు ఈయనది నిజమే. కొన్నాళ్లకు ఊరోళ్లకు ఆశ పోయింది. వాళ్లకు పోయిందేంది, నాలుగు పాటలు, రెండు సినిమాలు. కొమురవ్వకు మాత్రం పోలే. ఆమె దినాం పంచాయితి గద్దె మీదికి పోయి, ఫోన్ ఒళ్లె పెట్టుకొని, పక్కకు బీడీల చాట పెట్టుకొని కూసునేది. ఏ మూగీ, అది ఇగ రాదే అని పోయేటోళ్లు, వచ్చేటోళ్లు నెత్తి తడిమి చెప్పిపోయిన్రు. ఆమెకు ఇనపడదు గదా, ఒక్కోసారి అదే మంచిగైతది. అటు బావకు రాత్రి డ్యూటీ పడ్డది. పగలు ఆయన పండుకుంటడు, ఫోన్ ఐలవ్వ చేతిలకొస్తది. ఓదెలు ముందే బావకు చెప్పి ఉండె, ఊర్ల వైఫై పడ్డది, చెయ్యుమని. ఆడికెల్లి ఆమె గూడ దినాం చేస్తనే ఉన్నది. ఇద్దరు రెండు దిక్కుల పట్టుకొని కూసున్నరు, నడుమ రాజేశం తాళం.

గట్లుండంగ ఎవలింట్లనో పెండ్లొచ్చింది. బగోనలు కావాల్నని రాజేశం బీరువ తెరిచిండు. తెరుసుడుతోనే కొమురవ్వ ఒళ్లె ఉన్న ఫోన్ గజగజ వణికింది. వేలు పెట్టి చూస్తే అక్క మొఖం! నిజంగ, అక్క మొఖమే, కొప్పు ఇప్పుకొని, ఒళ్లె బుడ్డ పిల్లతోని. కొమురవ్వ చెయ్యి లేపేలోపట్నే రాజేశం బగోనలు తీసుకొని బీరువ మూసిండు. మొఖం పోయింది. కొమురవ్వ ఒక్క దుంకు దుంకి లోపటికురికి రాజేశం చెయ్యి పట్టుకొని గుంజింది. ఆయన జడుసుకున్నడు. ఏందే నీకేం పుట్టింది, పెండ్లోళ్ల బగోనలే ఇవి, అన్నడు. ఆమె బీరువ దిక్కు చూపెట్టింది. ఏమన్న మర్శిపోయిన్నా అని ఆయన మల్ల తెరిచిండు. అక్క మల్లొచ్చింది! ఇగ ఆమె ఏంజేసిందంటే, పోయి ఆ బీరువ రెండు తలుపుల నడుమ కూసున్నది. ఒక తలుపుకు వీపు, ఇంకో తలుపుకు కాలు. రాజేశం లే అంటడు, లేవది. సర్పంచును పిలుస్తనంటడు, పిలుసుకో. సర్పంచు వచ్చిండు, తెరిసిన బీరువల డబ్బను చూసిండు, తన ఫోన్ల గీతలు చూసుకున్నడు, రాజేశం మొఖం చూసిండు. ఓరి రాజేశం, అన్నడంట. ఇంకేమనలే పాపం, ఆ పూట డబ్బకు కుంకుమ పెట్టినప్పుడు ఆయన గూడ పక్కకే ఉన్నడు, తర్వాత గోడ దిక్కు ఎన్నడు చూడలే మరి.

ఇగ కొమురవ్వ మొదలువెట్టింది. గని ఒక చేతిల ఫోన్ పట్టుకుంటే మిగిలింది ఒక్క చెయ్యే. ఒక్క చేతితోని సగమే మాట. అప్పుడు లొల్లి ఇని ఉరికొచ్చిన ఓదెలు చేతిల ఫోన్ పెట్టి, గిట్ల పట్టుకో అని ఆయన మోచెయ్యి సక్కగ చేసి నిలబెట్టింది. ఓదెలు నిలబడ్డడు. ఆమె చెప్పింది. అవ్వకు కడుపుబ్బింది, జొన్న గటక పోస్తే కక్కింది, గంజి నీళ్లు రెండు గుటికెలు మింగింది, తల దువ్వుమన్నది, దువ్విన, నీ పెండ్లికి తను కట్టిన ఎర్రంచు చీర కట్టి పంపిన. ఏడ్చుకుంట చెప్పింది, చెప్పుకుంట ఏడ్చింది. ఓదెలు ఎన్నడు చూడనంత సేపు పెండ్లాం చేతులు చూసిండు. జబ్బ గుంజుతుంది, అయినా దించలే.

అప్పుడు ఐలవ్వ ఒక సైగ చేసింది. రెండు వేళ్లు కలిపి, ఏదో పట్టుకొని ఇసిరినట్టు. కొమురవ్వకు సమజ్ గాలే. అక్క మల్ల చేసింది. ఈమె తల అడ్డం తిప్పింది. ఎట్లైతది? అది వీళ్లిద్దరి మాట గాదు, భీవండి షెడ్డు మాట. అన్నేండ్లు ఆడుండి అక్క చేతులకు ఆడి మాటే ముందుగాల వస్తున్నది. కొమురవ్వ మొఖం వాడిపోయింది. దొరికిన అక్క గూడ సగమేనా అనుకున్నదో ఏమో. ఆ సైగ ఎవలికి తెలిసిందంటే ఓదెలుకు. షెడ్డుల మనిషిని పిలువాలంటే అరిస్తే ఇనపడది గదా, అందుకని దూది ఉండో దారం ముక్కో ఇసురుతరు వీపు మీదికి. అది పిలుపు. అక్క అడుగుతుంది, అవ్వ నన్ను పిలిసిందా అని. తెలిసింది గని పెండ్లానికెట్ల చెప్పాలె? ఆయనకున్నయి నాలుగు ముక్కలు. జర ఆలోచించి, ఫోన్ దించకుండనే, కాలెత్తి నేల మీద దన్ దన్న తన్నిండు. నేను ముందే చెప్పాల్సింది, వాళ్లవ్వ బిడ్డలను పిలుసుడు గట్లనే, నేల తన్నేది, అది అరికాళ్లకు తెలిసేది, ఇద్దరు ఉరికొచ్చేటోళ్లు.

కొమురవ్వకు తెలిసింది. అబద్ధమాడినా ఎవలికి తెల్వది గదా. ఆడలే. మెల్లగ చెప్పింది. అవ్వ మంచంపట్టె కొడుతనే ఉండె. కొట్టినప్పుడల్ల నేను ఉరికిన. చూసి, నువ్వు గాదు అని తల తిప్పేది. మల్ల కొట్టేది. నేను మల్ల ఉరికిన. నువ్వు గాదు. ఆఖరిదాక నిన్నే పిలిసింది అక్కా, నేను పోయి నిలబడ్డ.

ఓదెలుకు ఆ మాట మొత్తం అర్థమైందంట. ఫోన్ల ఐలవ్వ చేతులల్ల మొఖం దాసుకొని ఏడ్చింది. కొమురవ్వ వేలుతోని ఆ మొఖం తుడిసింది. తుడిస్తే ఏం తగులుతది, చల్లటి అద్దం. అది తగిలినంక ఇగ ఆమె ఆగలే. లేసి నిలబడి, రొమ్ము మీద చెయ్యేసుకొని, ఆ చెయ్యి అక్క దిక్కు చాపింది, మొగని కండ్లల్లకు చూసింది. నన్ను తీస్కపో అని. రెండోసారి చేసే పని పడలే. ఓదెలు సరే అన్నడు, నోటితోని, ఇనపడదని మర్శిపోయి.

తెల్లారి ఇద్దరు భీవండి బస్సెక్కిన్రు. వైఫై వస్తే మనుషులు ఇల్లు కదులరంటరు గదా, మా ఊర్ల అది నడిసినంక ముందుగాల జరిగింది ఇదే. డబ్బను మల్ల గోడకెక్కిచ్చిన్రు, రాజేశం దాని కిందనే కూసొని పాటలు చూస్తడు. కొమురవ్వోళ్లు ఇంకా రాలే. ఏం మాట్లాడుకుంటున్నరో ఏమో, మాట్లాడుకోక అన్నేండ్లైంది పాపం, ఆ ముచ్చట ఒక్కనాడు ఒడుస్తదా?