వీధికి అటు పక్క దీపాలు

మా అమ్మాయి ఉర్సెల్‌కి కొడుకు పుట్టాడండీ! ఈ హాలు మెట్లెక్కుతుంటే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, నేను తాతనయ్యాను! (చప్పట్లు) క్షమించాలి, ముందు సభకు దండం పెట్టాలి కదూ. అధ్యక్షులు డైరెక్టర్ ఫెల్‌మన్ గారికీ, గ్యాసు కంపెనీ పెద్దలకీ, నాతోపాటు బెర్లిన్ వీధుల్లో గడకర్ర భుజాన వేసుకుని దీపాలు వెలిగించిన మిత్రులకీ నమస్కారం. చదువు తక్కువవాణ్ణి, మాట తడబడితే సర్దుకోండి.

ఇంత సంతోషంలోనూ తలెత్తలేకపోతున్నాను. ఇందాక డైరెక్టరు గారు, "వీధికి ఇటు మన వెలుగు, అటు రష్యావాళ్ల చీకటి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అటు చీకటెక్కడుందండీ? అటు దీపాలు వెలిగించేది మా లోరెంట్స్ బావగారు, మా అల్లుడి తండ్రి, ఇవాళ పుట్టినవాడికి రెండో తాత!

ఏంటి హైనో? "తాతవయ్యేసరికి రాజకీయాలొచ్చాయే" అంటావా? (నవ్వులు) నాకేం రాజకీయాలురా, స్తంభం కింద నిలబడి చూసినవాణ్ణి. యుద్ధం ముగిసిన వేసవిలో మా వీధి మూల దీపం బాగుచేస్తుంటే నా నిచ్చెన పట్టుకున్నది ఒక రష్యా సిపాయి, ఒక అమెరికా సిపాయి; ఇద్దరిదీ ఒకటే సిగరెట్టు. మూడేళ్లు తిరిగేసరికి అమెరికావాళ్లు కొత్త నోట్లు తెచ్చారు, రష్యావాళ్లు రోడ్లు మూశారు, మనకు బొగ్గు విమానాల్లో ఆకాశం నుంచి దిగింది. ఎవరినడిగినా "ముందు వాడే మొదలెట్టాడు" అంటారు. మా ఉర్సెల్ పక్కింటి పిల్లతో తగువు పడినప్పుడూ ఇదే మాట. ఇద్దరికీ చెరొకటి వేసేవాణ్ణి. వీళ్లకు వేసే నాన్న ఎవరు? (నవ్వులు)

దీపాలవాడి నడక మీకు తెలుసు. ఎడమ స్తంభం, కుడి స్తంభం, మళ్లీ ఎడమ. వీధి రెండంచులనూ కలిపి కుట్టినట్టు. ఆ వీధి మధ్యన గీత గీసి, ఇటు నన్ను, అటు బావగారిని నడవమన్నారు. మొదట్లో కేకలేసుకునేవాళ్లం.

"బావగారూ, మీ అమెరికా దీపం దగ్గుతోంది!"

"మీ మాస్కో దీపానికి మసి మీసాలొచ్చాయి, ముందు అవి గీయండి!"

తరవాత మాటలు కూడదన్నారు. గడకర్రలెత్తి పలకరించుకునేవాళ్లం. రోడ్లు మూసిన ఆ చలికాలం మన గ్యాసు సన్నగిల్లితే, ఆయన తన దీపాల అద్దాలు రోజూ తుడిచేవాడు, మా వాకిలి దాకా వెలుగు పడాలని. ఆ వెలుగులోనే మా ఉర్సెల్ బంగాళాదుంపలు ఒలిచేది. ఆ చేతులున్న చోటును చీకటంటే ఈ చేతులు చప్పట్లు కొట్టాయి.

ఈ సభ పిలుపుల్లో ఆయన పేరు లేదు. పోయిన వారం అటూ ఇటూ కలిపే టెలిఫోను తీగలూ కోసేశారు. అందుకని అటు నుంచి వచ్చినవాళ్లను వేడుకుంటున్నాను, కబురు మోయండి. మా ఎల్ఫ్రీడ్ అక్కకు చెప్పండి, చెవుడు, అరిచి చెప్పాలి. పాంకోలో మా పెదనాన్న కొడుకు రుడోల్ఫ్‌కు చెప్పండి. అల్లుడి మేనత్త ఓటీలీకి చెప్పండి, అలిగి ఉంది, ఆవిడకే ముందు చెప్పామనండి. అందరికీ నా కృతజ్ఞతలు.

లోరెంట్స్ బావగారికి మాత్రం ఎవరూ చెప్పకండి. పొద్దు వాలుతోంది, ఆయన దీపాలకు బయల్దేరే వేళ. వీధి దాటి నేనే వెళ్తాను. ముందు చప్పట్ల సంగతి, తరవాత మనవడి సంగతి. సెలవు.