నరాల వీక్‌నెస్

చాండ్లర్‌లోని ఇంటి నుంచి యూనివర్సిటీకి డ్రైవ్ చేస్తూ, పక్క సీట్లో ఉన్న సైకాలజీ చదివే కూతురి మాటలకు ఆయన మూతి విరుస్తూనే ఉన్నాడు.

“ఆరేళ్ల పీహెచ్‌డీ, ఆ మెక్సికన్ల ఏడుపులు వినడానికా?”

“వాళ్లు డిప్రెషన్ అనరు నాన్నా. ‘నెర్వియోస్’ అంటారు, అంటే నరాలు. డాక్టర్లకి ఆ మాట అర్థం కాదు.”

“మనసు బాగోలేదని ఒప్పుకోలేక నరాల మీదకి నెడతారన్నమాట. చదువులేని మనుషులు!”

“అమ్మ బాత్రూమ్‌లో ట్యాప్ తిప్పుకుని ఏడుస్తుంది కదా. దానికి నువ్వు ఇండియా నుంచి ఏం టాబ్లెట్లు తెప్పించావ్?”

“అవా? నరాల వీక్‌నెస్‌కి.”

ఆ మాట నోరు దాటాక గానీ ఆయన చెవికి తగల్లేదు. స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

“అది వేరు. మీ అమ్మ ఎమ్మెస్సీ.”