లోపలి కుర్చీ

జర్మనీలోని సాక్సనీలో ఒక చిన్న ఊరి ఆర్కెస్ట్రా. రిహార్సల్ విరామంలో, స్వరాల పుస్తకం పెట్టే ఒకే స్టాండు ముందు కూర్చునే ఇద్దరు చెల్లో కళాకారిణులు క్యాంటీన్‌లో ఉన్నారు. చిన్నామె చేరి ఏడాది నిండింది. ఆమెను ఉంచాలా వద్దా అని సాయంత్రం తోటివాళ్లు ఓటేస్తారు.

"రాత్రి నిద్ర పట్టిందా?"

"ఎలా పడుతుందండీ? ఆరేళ్లప్పుడు చెల్లో పట్టాను. ఇరవయ్యేళ్ల సాధన ఇవాళ మీ చీటీల్లో ఉంది."

"తెర వెనక వాయించినప్పుడు మొహమైనా చూడకుండా నిన్నే ఎంచుకున్నాం కదా."

"అప్పుడు నా వాయింపే విన్నారు. ఏడాదిగా నన్ను చూస్తున్నారు."

"నోటికేం తక్కువ లేదు. ఇదిగో, కేకు తిను."

"నాకోసం కొన్నారా? మీరా?"

"కొనకూడదా?"

"అలా అని కాదు. నాకు ముందు ఈ కుర్చీలో గెర్నోట్ ఉండేవాడట. అతన్ని కూడా నన్ను తిట్టినట్టే తిట్టేవారా?"

"రోజూ తిట్టేదాన్ని. పేజీ ఆలస్యంగా తిప్పేవాడు, అందరి కమాను పైకి పోతే తనది కిందికి పోయేది. ఆఖరి వారం మానేశాను. వెళ్లిపోయేవాణ్ణి తిట్టి ఏం లాభం?"

"ఇందాక నేను రెండుసార్లు పేజీ ఆలస్యంగా తిప్పాను."

"చూశాను."

"ఒక్క మాటా అనలేదు."

పెద్దామె చక్కెర కలిసిపోయిన కాఫీని ఇంకా కలుపుతూనే ఉంది.

"తిట్టండి, దయచేసి. పేజీలు తిప్పడం లోపలి కుర్చీ పని, అది నా పనే కదా."

"ఇవాళ్టికి నేను తిప్పుతాలే తల్లీ. నువ్వు హాయిగా వాయించుకో."